డొక్కలో పోటు

బలిఘట్టం,
10-3-1981, మంగళవారం,
మధ్యాహ్నం మూడు గంటలు.

అమ్మకి, నాన్నకి నమస్కారాలు.

ఇవాళ పొద్దున్న గేదె కింద పేడ తీస్తుంటే సోమలమ్మ పెద్దమ్మ వీధిలోంచి పరుగెత్తుకొచ్చి, "ఓలే గుంటా, మీ అమ్మున్న ఆసుపత్రి మనూరొచ్చేసిందే!" అని కేకేసింది. తట్ట అక్కడే పడేసి పరుగెత్తాను. మన బడి ముందు పెద్ద తెల్ల వ్యాను ఆగి ఉంది. దాని పక్కన నీలం అక్షరాల్లో మీరున్న పెద్దాసుపత్రి పేరు, కింద మెడికల్ కాలేజీ పేరు. అమ్మని తీసుకొచ్చేశారనుకున్నాను. ఎందుకు తెచ్చేసినట్టు, ఏమైనట్టు అని ఏవేవో అనుకున్నాను. వెనక తలుపులోంచి తొంగి చూస్తే మంచం లేదు, నువ్వూ లేవు. మందుల పెట్టెలు, మడత బల్లలు, తెల్లకోట్ల స్టూడెంట్లు ఎనిమిది మంది ఉన్నారు. అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

ఉత్తరం మొదట్లో "ఇక్కడ అందరం క్షేమం" అని రాయాలి. నువ్వు అక్కడ మంచం మీద ఉండగా ఆ "అందరం" అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదమ్మా. నేనూ, పెద్దమ్మా, గేదే బాగున్నాం. అంతవరకే రాస్తాను. మిగతా సగం నువ్వు ఇంటికొచ్చాక రాస్తాను.

నాన్నా, శనివారం నువ్వు రాసిన ఇన్లాండు నిన్న అందింది. నువ్వు కూడబలుక్కుని చదువుతావు కనక అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. అమ్మ అడగమన్నవాటికి ముందు జవాబులు చెప్తాను. గేదె ఆదివారం పొద్దున్న ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్ల మచ్చ ఉంది. జున్ను పెద్దమ్మ అందరికీ పంచింది, నీ వాటా ఎవరికివ్వాలో తెలీక నేనే తినేశాను. చెరుకు ఆఖరి మడి నరికేశారు, బెల్లం వంట అయిపోయింది. జీడితోటలో పిక్కలు రాలడం మొదలైంది. సాయంత్రాలు వెళ్ళి ఏరుతున్నాను. చేతులకి జీడి అంటకుండా గుడ్డ చుట్టుకుంటున్నాను, కంగారు పడకండి. అన్నం తింటున్నాను. చదువుతున్నాను. రేపటినుంచి పదో తరగతి పరీక్షలు. రేపు తొమ్మిది గంటలకి నర్సీపట్నంలో తెలుగు పేపరు.

ఇక అమ్మ బెంగ సంగతి. "ఇది ఆసుపత్రా, బడా? పదేసి మంది పిల్లలొచ్చి మంచం చుట్టూ నిలబడతన్నారు, ఒకాయన పాఠం సెప్తన్నాడు, నా పొట్టేటి పలకా?" అని అమ్మ అన్నట్టు రాశావు. పెద్దమ్మకి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది. అమ్మా, అది నిజంగానే రెండూను. ఆ పిల్లలు రేపటి డాక్టర్లు. నువ్వు పొట్ట చూపించి నేర్పకపోతే వాళ్ళెలా నేర్చుకుంటారు? లిఫ్టు ఎక్కనని మెట్ల మీదే పోతున్నావట. నొప్పితో మూడంతస్తులు ఎక్కడమేమిటమ్మా! అది పెద్ద గిలక బావి లాంటిదే. మనం చేద, అంతే. నాన్న చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకో.

పక్కన ఇంకో కొత్త మేడ కడుతున్నారనీ, రోజంతా కంకర మర చప్పుడనీ, రెండేళ్ళలో ఇప్పటికి రెట్టింపు మంచాలొస్తాయని వార్డుబాయి చెప్పాడనీ రాశావు నాన్నా. ఆ ముక్క మూడుసార్లు చదివాను. కింద మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు. "కడుపులో జబ్బేమీ కనబడలేదు, మందులు రాసిచ్చి శుక్రవారం పంపించేస్తామన్నారు." ఆ వాక్యం నిన్నంతా నాతోనే తిరిగింది. పదిహేను రోజులు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారంటే సంతోషించాలి కదా? నాకు సంతోషం రాలేదు. ఎందుకు రాలేదో ఇవాళ బడిలో తెలిసింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ వ్యానులో వచ్చిన పెద్ద డాక్టరమ్మ పేరు కమలాంబ గారు. స్టూడెంట్లకి ప్రొఫెసరు. నెలకోసారి ఇలా పిల్లల్ని పల్లెలకి తీసుకొస్తారట. జనం వంద మంది దాకా పోగయ్యారు. పేర్లు రాయడానికి ఎవరైనా కావాలంటే మన హెడ్మాస్టరు గారు నన్ను ముందుకి తోసి, "ఈ పిల్ల దస్తూరీ ముత్యాలండీ, భాష కూడా మంచిది" అన్నారు. గర్వంగా కూచున్నాను. ఒక్కొక్క కాగితం మీద పేరు, వయసు, ఊరు, జబ్బు ఏమిటో రాసి స్టూడెంటుకి అందించడం నా పని.

మొదటివాడు మన అప్పలకొండ తాత. "కాళ్ళు తీపులమ్మా, ఒకటే తీపులు" అన్నాడు. నా బల్ల పక్కన కర్నూలు నుంచి వచ్చిన స్టూడెంటు డాక్టరమ్మ ఉంది. ఆవిడ చటుక్కున తలెత్తి, "తీపా? తాతా, నీకు షుగరుందని యెవురన్నా చెప్పినారా?" అంది.

"సుగరేటి? టీలో ఏసుకుంతాం" అన్నాడు తాత.

వెనక వరసలోంచి మన పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఓలమ్మో, ఆడి కాళ్ళు నాకి సూసినట్టు తీపంటాదేటీ!" అంది. బడి బడంతా నవ్వింది. పాపం, ఆ కర్నూలు డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. తీపులంటే ఇక్కడ సలుపు, లాగుడు అని నేను చెప్పాను. ఆవిడ బుద్ధిగా రాసుకుంది.

నేను మాత్రం తాత కాగితం మీద "పాదముల యందు మిక్కిలి వేదన" అని రాశాను. కమలాంబ గారు వెనకనుంచి వచ్చి చూసి, "ఇది ఎవరి మాటమ్మా?" అన్నారు.

"తాతదేనండి."

"అడుగుదాం ఉండు. తాతా, నీకు పాదముల యందు మిక్కిలి వేదనగా ఉందా?"

తాత బెదిరిపోయాడు. "నాకలాటి జబ్బులేటీ నేవండి! కాళ్ళు తీపులు, అంతే" అన్నాడు.

మళ్ళీ నవ్వులు. ఈసారి ఎర్రబడింది నా ముఖం. ఆవిడ నవ్వలేదు. నా పక్కన బెంచీ మీద కూచుని, అందరికీ వినబడేలాగే చెప్పారు. "మా దగ్గర మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. కేసు షీటులో మొదటి గీత రోగి మాటల్లోనే ఉండాలి. దిద్దకూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు. నేను చదువుకున్న రోజుల్లో ఆ ఆసుపత్రిలో గుండైనా, మూత్రపిండమైనా, పేగైనా ఒకే హాలు, ఒకే పెద్దాయన. ఆయన అన్నీ చూసేవారు. ఇప్పుడు దేని డిపార్టుమెంటు దానికుంది. ఇంకా కడుతున్నాం. గదులు పెరిగేకొద్దీ ఏ గదికి పంపాలో చెప్పే మొదటి మాటకి బరువు పెరుగుతుంది. ఆ మాట తప్పితే మనిషి తప్పు గదిలో కూచుంటాడు. అక్కడున్న డాక్టరు ఎంత గొప్పవాడైనా ఆ గదిలో ఉన్న జబ్బే వెతుకుతాడు."

అమ్మా, నా చేతిలో కలం ఆగిపోయింది.

నీకు గుర్తుందా, మీరు బయల్దేరే ముందు రోజు సాయంత్రం? నర్సీపట్నంలో కాంపౌండరు గారు, డాక్టరు గారి ఇంగ్లీషు కాగితంతోపాటు తెలుగులో వివరంగా ఒక చీటీ ఉంటే మంచిదన్నారు కదా. నువ్వు రోటి దగ్గర కూచుని, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని చెప్పావు. "డొక్కలో పోటే. పోటొచ్చిందంటే పేణం పోతాది. మళ్ళా తగ్గిపోతాది. రెండ్రోజులు ఏటీ ఉండదు. మళ్ళా పోటు." నువ్వు చెప్పింది అదీ. నేను రాసింది ఇది: "నా తల్లికి గత ఆరు మాసములుగా ఉదరమునందు నిరంతర వేదన కలదు."

ఆ వారమే దక్షిణామూర్తి మాస్టారు క్లాసులో "నిరంతరం" అన్న మాట విడదీసి చెప్పారు. అంతరం లేనిది, మధ్యలో ఖాళీ లేనిది అని. నాకు ఎంత నచ్చిందో! నోటుబుక్కు అట్ట మీద నాలుగుసార్లు రాసుకున్నాను. ఎక్కడైనా వాడాలని చూస్తున్నాను. నీ నొప్పి దొరికింది.

నువ్వు చెప్పిన పోటులో అంతా ఖాళీయే కదా అమ్మా. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. సముద్రానికి పోటు అన్నా అదే. ఆ ఒక్క మాటలో నీ జబ్బు నడక అంతా ఉంది. నేను దాన్ని కొట్టేసి సరిగ్గా దానికి ఎదురు మాట పెట్టాను. డొక్క అంటే నువ్వు పక్కటెముకల కింద వెనకవైపు చెయ్యి పెట్టి చూపించావు. "డొక్క మాడిపోతంది" అంటే కడుపే కదా అని నేను ఉదరం చేసేశాను. చీటీ చూసినవాళ్ళు కడుపు వార్డుకి కాక ఇంకెక్కడికి పంపుతారు?

అంతటితో ఆగానా? బస్సు దగ్గర నీకొక మాట చెప్పాను. నాన్నా, నువ్వప్పుడు సంచీ పైకెక్కిస్తున్నావు, నీకు వినబడలేదు. "అమ్మా, అక్కడ నువ్వేం మాట్లాడకు. మన మాట వాళ్ళకి మోటుగా ఉంటుంది, నవ్వుతారు. ఎవరేమడిగినా ఈ చీటీ చూపించు" అన్నాను. నువ్వు చీటీ కొంగున ముడేసుకుని, "అలాగే. నా గుంట రాసింది, అందులో అన్నీ ఉంతాయి" అన్నావు.

నాన్న రాసిన ఉత్తరంలో ఆ సంగతే ఉంది. ఏ డాక్టరొచ్చి అడిగినా అమ్మ నోరిప్పడం లేదనీ, కొంగు విప్పి చీటీ తీసిస్తోందనీ, "ఎంత బాగా రాసిందో" అని నర్సమ్మ కూడా మెచ్చుకుందనీ సంతోషంగా రాశావు నాన్నా. నిన్న అది చదివి నేనూ సంతోషించాను. ఇవాళ ఆ మెప్పు నాకొద్దు. నీ మాటకి నేను సిగ్గుపడ్డానమ్మా. అది నీకు తెలుసు కూడాననుకుంటాను. తెలిసే ముడేసుకున్నావు.

జనం పలచబడ్డాక కమలాంబ గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. చీటీలో ఏం రాశానో, నువ్వు ఏం చెప్పావో. ఆవిడ తిట్టలేదు. "డొక్కంటే ఎక్కడ? మీ అమ్మ చెయ్యి పెట్టినట్టే పెట్టి చూపించు" అన్నారు. చూపించాను. "పోటు అక్కడే ఉంటుందా, కదులుతుందా?" అన్నారు. వెనకనుంచి ముందుకి, గజ్జల్లోకి దిగుతుందన్నావని చెప్పాను. పోటొచ్చినప్పుడు కదలకుండా పడుకుంటుందా అని అడిగారు. లేదండి, కూచోలేదు, పడుకోలేదు, పెరడంతా తిరుగుతుంది అన్నాను. ఆవిడ కర్నూలు డాక్టరమ్మ వైపు చూశారు. ఆ పిల్ల మెల్లిగా, "స్టోన్, మేడం?" అంది. "చూడకుండా అనకూడదు" అన్నారావిడ. నాతో మాత్రం, "మూత్రపిండాలకి వేరే డిపార్టుమెంటు కొత్తగా పెట్టారు. మీ అమ్మని అక్కడ ఒకసారి చూడాలి. శుక్రవారం లోపల చూడాలి" అన్నారు.

తరవాత ఇంకొకటి అడిగారు. "ఒంటికెళ్ళేటప్పుడు ఏమైనా ఉందని చెప్పిందా? మంటగాని, రంగుగాని?"

ఇక్కడ కొంచెం గొంతు తగ్గించి చదువు నాన్నా. వద్దులే, మామూలుగానే చదువు. పక్క మంచం వాళ్ళు వింటే వినన్నీ.

అప్పటికి వ్యాను దగ్గర మగ స్టూడెంట్లు నలుగురు నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరు గారు ఉన్నారు. మన వీధివాళ్ళున్నారు. నేను తల వంచుకుని, "తెలీదండి" అన్నాను.

తెలుసు. ఆ రోజు రోటి దగ్గర నువ్వు చెప్పావు. "ఒంటికెళ్తే సురసురా మంటే. రెండు మార్లు ఎర్రగా పడ్డాది, ఇదీ రాయి" అన్నావు. నేను రాస్తున్నట్టు కలం కదిపి ఊరుకున్నాను. ఇలాంటి మాట నా అందమైన చీటీలో ఎలా రాస్తాను అనుకున్నాను. మాటలు మార్చడం ఒక తప్పు. ఇది మార్చడం కూడా కాదు, మింగేశాను. ఇవాళ రెండోసారి మింగాను, అదీ అన్నీ ఒప్పేసుకున్నానని నాకు నేనే మురిసిపోతున్న సమయంలో.

కమలాంబ గారు నా ముఖం కేసి చూసి, "సరే. మీ అమ్మ చెప్పినవన్నీ అమ్మ మాటల్లోనే ఒక కాగితం మీద రాసి తెచ్చివ్వు. వార్డు నంబరు, మంచం నంబరు కూడా రాయి. ఇవాళ మేం నర్సీపట్నంలో ట్రావెలర్స్ బంగళాలో ఉంటాం. రేపు ఆరు గంటలకి వ్యాను బయల్దేరుతుంది. సాయంత్రం నేనే మీ అమ్మ దగ్గరికి వెళ్తాను" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "గుర్తొచ్చినవన్నీ రాయి" అన్నారు. ఆవిడకి తెలిసిపోయింది.

ఇంటికొచ్చి నోటుబుక్కులోంచి తెల్లకాగితం చింపి రాశాను. నాలుగుసార్లు చిత్తు చేశాను. మాట సొంపు కోసం కాదమ్మా, నా చెయ్యి దానంతటదే దిద్దేస్తోంది. "కూకోలేను" అని నువ్వంటే కలం "కూర్చొనలేను" అంటోంది. చివరికి పెద్దమ్మని ఎదురుగా కూచోబెట్టి, ఒక్కొక్క మాటా పైకి చదివి, "అమ్మ ఇలాగే అంటుందా?" అని అడిగి అడిగి రాశాను. పెద్దమ్మ, "మీ అమ్మ మాట మీ అమ్మ మాటనాగ రాయడానికి ఇంతసేపేటే! బేగి కానీ, గేదెకి కుడితెట్టాల" అని కసిరింది. నీకు ఇక్కడ కూడా రాస్తాను. తప్పుంటే నాన్నతో చెప్పు.

"జోగులమ్మ, నలభై ఏళ్ళు, బలిఘట్టం. ఆమె మాటలు: ఎడం డొక్కలో పోటు. ఎనకనించి వచ్చి గజ్జల్లోకి దిగుతాది. పోటొస్తే కూకోలేను, తొంగోలేను. మళ్ళా తగ్గిపోతాది, రెండ్రోజులు ఏటీ ఉండదు. ఎక్కువ నీల్లు తాగితే కాస్త నయం. ఒంటికెళ్తే సురసురా మంట. రెండు మార్లు ఎర్రగా పడ్డాది. పదకొండో వార్డు, ఇరవై రెండో మంచం."

దీని కింద నా మాటలు ఒక్క వాక్యం రాశాను. "ఇంతకు ముందు చీటీలో ఉన్నది తప్పు, అది రాసింది నేను." సంతకం పెట్టాను.

ఈ ఉత్తరాన్ని కూడా పోస్టులో వెయ్యను. పోస్టులో వేస్తే శుక్రవారానికి అందుతుందో లేదో. కమలాంబ గారి చేతికే ఇస్తాను. ఆవిడ రేపు సాయంత్రం నీ మంచం దగ్గరికి వస్తారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. ఆవిడ అడిగినప్పుడు నువ్వు మాట్లాడాలి. ఎంత మంది స్టూడెంట్లున్నా మాట్లాడు. కర్నూలు డాక్టరమ్మకి తెలియకపోతే అడుగుతుంది, నువ్వు చెప్పు. ఆ పిల్ల మన మాటలు నేర్చుకోవడానికి చిన్న పుస్తకం పెట్టుకుంది. ఇవాళ నన్ను ఇరవై మాటలడిగింది. నీ దగ్గర ఇంకా ఎక్కువ ఉన్నాయి. ఏ డిపార్టుమెంటుకి పంపినా, ఏ మేడ ఎక్కమన్నా ఎక్కు. లిఫ్టులో ఎక్కు. జబ్బు ఏమిటో తేలేదాకా ఇంటికి రానని నువ్వూ, నాన్నా గట్టిగా చెప్పండి. ఇక్కడ పనులకి నేనున్నాను. పరీక్షలు రాస్తాను, గేదెని చూస్తాను, పిక్కలు ఏరతాను.

కొంగున ఉన్న చీటీ తీసెయ్యి. చింపొద్దు, నాకు తీసుకురా. అట్ట మీద "నిరంతరం" అని రాసుకున్న నోటుబుక్కులోనే దాన్ని అంటిస్తాను.

ఒక్క సంగతి ఇంకా మిగిలి ఉంది. కాగితం చేతిలో పెట్టి తల వంచుకుని వచ్చేస్తే సరిపోదు. పొద్దున్న బడిలో తెలీదని నోటితో అబద్ధం చెప్పాను కనక నోటితోనే దిద్దుకోవాలి. ఎవరున్నా సరే, వ్యాను పక్కన నిలబడి, "మా అమ్మ ఒంటికెళ్తే సురసురా మంటందండి, రెండు మార్లు ఎర్రగా పడిందండి, నాకు పొద్దున్నా తెలుసండి" అని చెప్తాను. ఇందాక పెరట్లో దూడకి చెప్పి చూశాను. మొదటిసారి "మా అమ్మ" దగ్గరే ఆగిపోయాను. మూడోసారికి చివరిదాకా వచ్చింది.

రేపు నాలుగున్నరకి లేస్తాను. పాలు పితికే పని పెద్దమ్మది. ఐదింటికి హాల్ టికెట్టు, కలం, ఈ ఉత్తరం, నీ మాటల కాగితం పట్టుకుని నడక మొదలుపెడతాను. ఐదున్నరకల్లా బంగళా గేటు ముందుంటాను, వ్యాను ఆరింటికి కదలకముందే.

ఇట్లు,
నీ మాట నీలాగే పలకడం నేర్చుకుంటున్న
నీ గుంట,
లోవలక్ష్మి.